కంచె అవతల ఎర్రచుక్క

రుబియేలాకి భయం పెళ్ళితోపాటు వచ్చింది. అంతకుముందు ఆమె దేనికీ జంకే మనిషి కాదు. భర్త ఒవీదియో మనిసాలెస్ ఊరి నుంచి లెత్రాస్ కనుమ మీదుగా బస్సు నడిపేవాడు. ఆ దారిలో మేఘాలు రోడ్డు మీదే పడుకుంటాయి. ఎదురుగా లారీ దీపాలు కనిపించేసరికి లారీ కూడా వచ్చేసి ఉంటుంది. ఇంట్లో కుట్టుమిషను ముందు కూర్చుని స్కూలు యూనిఫాంలు కుట్టే రుబియేలా, రేడియోలో వార్తలు మొదలవగానే చక్రం మీద అరచెయ్యి ఆనించి మిషను ఆపేసేది. లోయలో పడిన బస్సు రంగు చెప్పేదాకా ఊపిరి తీసుకునేది కాదు. రంగు వేరే అయితే శిలువ గుర్తు వేసుకుని మళ్ళీ తొక్కడం మొదలుపెట్టేది. ఇంకెవరి ఇంట్లోనో ఏడుపు మొదలై ఉంటుందని తెలిసి కూడా తన గుండె తేలికపడినందుకు సిగ్గుపడేది. ఇలా ముప్ఫయ్యొక్క ఏళ్ళు గడిచాయి.

ఒవీదియో రిటైరయ్యాక మొదటి నెల ఆమెకి హాయిగా నిద్ర పట్టింది. రెండో నెల ఏమీ తోచలేదు. మూడో నెలలో ఒక ఉదయం, మేడ మీద పిట్టగోడపై మరిచిపోయిన అరటిపండు ముక్కని ఒక నీలిపిట్ట వచ్చి పొడుచుకు తినడం చూసింది. ఆ నీలం ఆమె కుట్టిన ఏ గుడ్డలోనూ లేదు. మర్నాడు కావాలనే ఒక ముక్క పెట్టింది. పక్క వీధిలో, చర్చిలో పిల్లల ఫస్ట్ కమ్యూనియన్ ఫొటోలు తీసే ఆయన కొత్త కెమెరా కొనుక్కుంటూ పాతది ఆమెకిచ్చాడు. బదులుగా కూతురి పెళ్ళి గౌను కుట్టించుకున్నాడు. దూరాన్ని దగ్గరగా చూపే పొడుగాటి లెన్సు కూడా దాంతోనే వచ్చింది.

ఆమె తీసే ఫొటోల్లో వందకి తొంభై తోకలే. చూసేలోపు పిట్ట ఎగిరేది, నొక్కేసరికి తోక మిగిలేది.

"నీ దగ్గరున్నది పిట్టల ఆల్బం కాదే ముసలీ, తోకల ఆల్బం" అని ఒవీదియో ఊరంతా వినబడేట్టు నవ్వేవాడు. ఇంజను హోరుకి అతని కుడి చెవి పూర్తిగా పోయింది. అందుకే వంటింట్లో కూడా బస్సులో మాట్లాడినంత గట్టిగా మాట్లాడతాడు.

అక్టోబరులో బళ్ళకి వారం రోజులు సెలవులు. యూనిఫాంల గొడవ ఉండని కాలం ఏడాదిలో అదొక్కటే. ఆ వారం ఇద్దరూ కొండ మీద, మబ్బుల అడవి అంచున ఉన్న లా క్రిస్టలినా తోటకి వెళ్ళారు. తోట యజమానిని అందరూ గౌరవంగా దోన్యా బెనిల్దా అంటారు, అరవై దాటిన వితంతువు. ఆరు ఆవులు, ఒక గుర్రం, అద్దెకిచ్చే నాలుగు గదులు ఆమె సంసారం. వరండా నిండా చక్కెర నీళ్ళ సీసాలు వేలాడదీసింది. వాటి చుట్టూ బొటనవేలంత కొలిబ్రీ పిట్టలు రోజంతా కత్తులు దూసుకుంటూ ఉంటాయి. వచ్చిన మొదటిరోజే, వేడి బెల్లం నీళ్ళలో జున్నుముక్కలు వేసి ఇస్తూ బెనిల్దా ఒక మాట చెప్పింది.

"ఎక్కడికైనా వెళ్ళండి దోన్యా రుబియేలా, అడవంతా మీదే. మైనపు తాటిచెట్ల దగ్గర ముళ్ళకంచె ఉంది చూడండి, అది మాత్రం దాటకండి. అవతల కంచరగాడిదల పాతబాట వానలకి కూలిపోయింది. పైన గడ్డి కనబడుద్ది, కింద ఏమీ ఉండదు."

"కింద ఏమీ లేకపోతే గడ్డి దేన్ని పట్టుకుని ఉందమ్మా?" అన్నాడు ఒవీదియో.

"ఆ మరియమ్మ తల్లికే తెలియాలి దోన్ ఒవీదియో. మీరెళ్ళి అడక్కండి."

రుబియేలా ఆ కొండకి వచ్చింది కొంప్రాపాన్ కోసం. అది నేలమీద పొదల్లో తిరిగే పొట్టి పిట్ట. పొడుగాటి కాళ్ళ మీద కోడిగుడ్డు నిలబెట్టినట్టు ఉంటుందట. 'కొం-ప్రా-పాన్' అని మూడు ముక్కల్లో కూస్తుంది. రొట్టె కొను, రొట్టె కొను అని. కొండమీద పుట్టినవాళ్ళంతా ఆ గొంతు విన్నవాళ్ళే గాని, పిట్టని చూసినవాళ్ళు తక్కువ. "దానికి తోకే లేదటగా, ఇక నీకు తోక ఫొటో వచ్చే భయం లేదు" అన్నాడు ఒవీదియో.

మూడోరోజు ఉదయం తొమ్మిది గంటలకి, తాటిచెట్ల ఇవతల ఒక సన్నటి కొండవెదురు పొదలో అది కూసింది. ఇరవై అడుగుల దూరం ఉంటుందేమో. రుబియేలా మోకాళ్ళ మీద కూర్చుని లెన్సు గురిపెట్టింది. ఆకుల మధ్య గోధుమరంగుగా ఏదో కదిలింది.

"ఏమే, ఇలాగే మా కండక్టరొకడు..." అని వెనకనుంచి ఒవీదియో మొదలుపెట్టాడు.

"ష్."

"ఆఁ? ఏంటి?"

"ష్ అన్నాను."

"రొట్టె కొనమంటోంది అంతేగా, కొనేస్తే పోయె! మళ్ళీ అరవదు!"

పొదలో కదలిక ఆగిపోయింది. కూత ఆగిపోయింది. రుబియేలా కెమెరా దించి వెనక్కి తిరిగింది. మూడు రోజుల విసుగంతా ఒక్కసారి నోటికొచ్చింది.

"నీ నోటికి బ్రేకు లేదా? వచ్చిన దగ్గర్నుంచి నీవల్ల ఒక్క పిట్టా నిలబడలేదు. పో. ఎక్కడికైనా పో. ఒక గంట నాకు కనబడకు, వినబడకు."

ఒవీదియో టోపీ తీసి, ప్రయాణికులకి వంగినట్టు వంగాడు. "చిత్తం అమ్మగారూ" అన్నాడు. ఎర్ర ఊలు రువానా కంబళిని భుజాల మీద సర్దుకుని, చెట్లలోంచి పక్కకి వెళ్ళిపోయాడు. మామూలుగా అలాంటి మాట అన్నాక అతను నవ్వుతాడు. ఈసారి నవ్వలేదు. ఆమె అది గమనించింది. గమనించి కూడా పిలవలేదు.

కొంప్రాపాన్ మళ్ళీ కూయలేదు గాని, పది నిమిషాలకి ఒక కొండ టూకాన్ వచ్చి ఎదురు కొమ్మమీద వాలింది. బూడిద నీలం రొమ్ము, మొహానికి మించిన రంగురంగుల ముక్కు. అది పండు మింగింది, ముక్కు తుడుచుకుంది, ఇటు తిరిగింది, అటు తిరిగింది. రుబియేలా నొక్కుతూనే ఉంది. ఆ కాసేపు ఆమెకి మొగుడు లేడు, ఊరు లేదు. టూకాన్ ఎగిరిపోయాక తల ఎత్తి చూస్తే లోయలోంచి మబ్బు పైకి వస్తోంది. ముందు దూరపు తాటిచెట్లు పోయాయి, తర్వాత దగ్గరివి పోయాయి. కాసేపటికి ఆమె బూట్లు ఆమెకే మసకగా కనిపించాయి.

"ఒవీదియో!"

మబ్బు ఆ పిలుపుని అక్కడికక్కడే మింగేసింది.

"ఒవీదియో! ఇక చాల్లే, రా!"

అలిగి ఇంటికి పోయి ఉంటాడనుకుంది. దారి పక్క కంచెస్తంభాలని చేత్తో తడుముకుంటూ ఇల్లు చేరింది. బెనిల్దా పాలడబ్బాలు గుర్రం మీద వేసుకుని ఊళ్ళోకి వెళ్ళింది, మధ్యాహ్నం దాకా రాదు. వరండాలో ఒవీదియో బూట్లు లేవు. గదిలో మంచం సర్దినట్టే ఉంది. రుబియేలా ఫోను తీసి అతనికి చేసింది. ఇక్కడ సిగ్నలు వస్తే వస్తుంది, లేకపోతే లేదు. ఈసారి వచ్చింది. ఫోను మోగింది, వంటింట్లోంచి. చార్జింగుకి పెట్టి వెళ్ళాడు. ఖాళీ ఇంట్లో, పొయ్యి పక్కన, దానంతటది మోగుతున్న ఆ ఫోనుని ఆమె చూడలేకపోయింది. చటుక్కున కట్ చేసింది. బెనిల్దాకి చెయ్యబోతే అప్పటికే సిగ్నలు పోయింది.

భయం ఎక్కడికీ పోలేదని ఆమెకి అప్పుడు అర్థమైంది. ఆ పాత భయమే. అప్పుడు రేడియో ముందు కూర్చుని ఎవరో చెప్పేదాకా ఎదురుచూసేది. ఇప్పుడు చెప్పడానికి ఎవరూ లేరు.

ఏ వైపు వెళ్ళాడు? ఆమె కళ్ళు మూసుకుని గుర్తు చేసుకోబోయింది. చెట్లలోంచి పక్కకి వెళ్ళాడు, అంతవరకే. ఆ తర్వాత ఆమె చూసిందల్లా టూకాన్నే. మెడలో వేలాడుతున్న కెమెరా మీద చెయ్యి పడింది. తను చూడకపోతేనేం, కెమెరా చూసి ఉండొచ్చు. బల్ల ముందు కూర్చుని ఫొటోలు ఒక్కొక్కటే వెనక్కి జరిపింది. తొందరలో ఒకసారి జరపబోయి రెండుసార్లు జరిపింది. టూకాన్ ముక్కు తుడుచుకుంటోంది, ఇటు చూస్తోంది, పండు మింగుతోంది. ఆ పండు మింగే ఫొటోలో, కొమ్మకి కింద మూలగా, ఒక ఎర్రచుక్క.

పెద్దది చేసింది. ఇంకా పెద్దది చేసింది. చుక్క చెదిరిపోయి మరక అయింది. అయినా ఆ ఎరుపు ఆమెకి తెలుసు, ఆ రువానా అంచు కుట్టింది తనే. దాని ముందు సన్నగా అడ్డంగా మూడు గీతలు. ముళ్ళకంచె తీగలు. అతను వాటికి అవతల ఉన్నాడు.

తర్వాతి ఫొటోలోనూ ఉంది ఎర్రచుక్క, కాస్త దిగువన. ఆ తర్వాతి దాంట్లో లేదు. మళ్ళీ చూసింది. రెండు ఫొటోలకీ మధ్య అర నిమిషం తేడా. ఆ అర నిమిషంలో తను టూకాన్ కంటిలో వెలుగు సరిగ్గా పడిందా లేదా అని చూసుకుంటూ ఉంది.

ఆమె పొయ్యిలోంచి బొగ్గుముక్క తీసి బల్లమీద పెద్ద అక్షరాలతో రాసింది: 'ఒవీదియో కంచె దాటాడు. కూలిన బాట. నేను వెళ్తున్నా.' దొడ్లోంచి దూడల్ని కట్టే పొడుగు తాడు తీసుకుని పరుగెత్తింది. పరుగు అనుకుంది గాని, ఆ మబ్బులో ప్రతి అడుగూ తడుముకుంటూ వేసిందే.

కంచె దగ్గర ఒక తీగ కిందికి వంగి ఉంది. అవతల గడ్డి పచ్చగా, ఒత్తుగా, పరుపులా ఉంది. బెనిల్దా మాట గుర్తొచ్చి ఆమె కాలు గాల్లోనే ఆగింది. పొట్టమీద పడుకుని, ముందు చెయ్యి పెట్టి అదిమి, నేల గట్టిగా ఉందని తెలిశాక మోచేతుల మీద పాకింది. ఆరేడు గజాలు పాకాక బూటు మడమ జారిన పొడుగాటి గీత కనిపించింది. ఆ గీత అంచుదాకా వెళ్ళి అక్కడ ఆగిపోయింది. కింద ఎక్కడో వాగు హోరుమంటోంది.

"ఒవీదియో!"

హోరు తప్ప ఏమీ లేదు. మబ్బు ఒక్క క్షణం పలచబడింది. కింద, నాలుగు నిలువుల లోతున, కూలిన మట్టి ఒక బల్లలా నిలిచిన చోట, ఎర్ర రువానా. దాని కింద మనిషి పక్కకి పడి ఉన్నాడు. ఒక కాలు కాలు ఉండాల్సిన వైపు లేదు.

"ఒవీదియో! ఒరే! నా తండ్రీ!"

కదల్లేదు. ఆమె గొంతు చిరిగిపోయేలా అరిచింది. కదల్లేదు. పోయాడు అనుకుంది. ఆ మాట మనసులో పూర్తయ్యేలోపే ఇంకో మాట దాన్ని నెట్టింది: పనిచేసే చెవి మట్టికి ఆనుకుని ఉంది, పైకి ఉన్నది చెడ్డ చెవి. రాయి వేస్తే తగులుతుంది. మట్టి తీసి వేస్తే అంచే కూలుతుంది. ఆమె కెమెరా నెత్తిమీది ఫ్లాష్ లేపి, అంచు మీంచి చెయ్యి చాచి నొక్కింది. మబ్బంతా ఒక్కసారి తెల్లగా వెలిగి ఆరిపోయింది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ.

నాలుగోసారి కింద ఒక చెయ్యి లేచింది.

రుబియేలా మొహం గడ్డిలో దాచుకుంది. ఏడవడానికి కూడా టైము లేదని వెంటనే తల ఎత్తింది. ఒవీదియో మెల్లగా తల తిప్పి పైకి చూశాడు. మొహం నిండా బురద.

"ఏమే, మొత్తానికి నన్నే తీశావా ఫొటో?" అన్నాడు. గొంతు మాత్రం అతనిది కాదు, చాలా చిన్నగా ఉంది. ఆమె ఏదో అనేలోపే ఆ చిన్న గొంతు ఇంకా చిన్నదైంది. "రుబియేలా, దిగకు. నీకు దణ్ణం పెడతా దిగకు. నా కింద మట్టి కదుల్తోంది."

ఆమె విన్నది. నిజంగానే గుప్పెడు గుప్పెడు మట్టి జారి వాగులో పడుతున్న చప్పుడు.

అంచుకి వెనకగా ఒక చెట్టు ఇంకా వేళ్ళతో నేలని గట్టిగా పట్టుకుని ఉంది. తాడుని దానికి రెండు చుట్లు తిప్పింది. ఒక కొస కిందికి విసిరింది. మొదటిసారి చాలలేదు. తను ఇంకాస్త అంచుకి పాకి విసిరితే అతని రొమ్ము మీద పడింది.

"చంకల కిందనుంచి కట్టుకో. రెండు ముడులు వెయ్యి."

"చెయ్యి పనిచెయ్యట్లేదే."

"పళ్ళతో లాగు. ఉన్నాయిగా ఇంకా కొన్ని."

అతను నవ్వబోయి మూలిగాడు. ముడి వెయ్యడానికి పావుగంట పట్టింది. మనిషిని పైకి లాగే బలం తనకి లేదని ఆమెకి తెలుసు. అందుకని మిగిలిన కొసని తన నడుముకి కట్టుకుని, చెట్టుకి పాదాలు తన్నిపెట్టి కూర్చుంది. ఇక చెయ్యగలిగింది పట్టుకోవడమే.

ఆ తర్వాత గడిచిన సమయం ఆమె జీవితంలో అన్నిటికంటే పొడుగైంది. ఆమెకి అతను కనిపించడు, అతనికి ఆమె కనిపించదు. మధ్యలో తాడు ఒకటే. అతను మాట్లాడినంతసేపు ఆమెకి ఊపిరి ఆడుతోంది. అతను ఆపితే గుండె ఆగుతోంది.

"మాట్లాడు" అంది.

"ఇందాక నోరు మూసుకోమన్నావుగా."

"మాట్లాడు ఒవీదియో. మీ కండక్టరు సంగతి చెప్పు."

అతను కండక్టరు సంగతి చెప్పాడు. ఒకడు పంది పిల్లని టికెట్టు లేకుండా ఎక్కించిన కథ. సగంలో ఆగిపోయి, "చలేస్తోందే" అన్నాడు. కాసేపటికి "అమ్మా" అన్నాడు. తన తల్లిని పిలిచాడని, ఆమె చనిపోయి పాతికేళ్ళయిందని రుబియేలాకి తెలుసు. ఆ పిలుపు విన్నాక ఆమె తాడుని ఇంకా బిగించి పట్టుకుంది. సరిగ్గా అప్పుడు, ఆమెకి చేతికందేంత దగ్గర్లో, పొదలోంచి కొంప్రాపాన్ కూసింది.

"నోర్ముయ్!" అని అరిచింది పిట్ట మీద.

"నేనేం అన్లేదే" అంది కిందనుంచి గొంతు.

దాని వెనకే ఒక పెద్ద గుడ్డ చింపినట్టు చప్పుడు. తాడు ఒక్కసారి బిగిసింది. నడుము రెండుగా తెగిందేమో అన్నంత నొప్పి. అరచేతుల్లోంచి తాడు జానెడు జారి తోలు ఊడ్చుకుపోయింది. ఆమె నోట్లోంచి వచ్చిన కేక ఆమెకే కొత్త. చెట్టు కిరకిరలాడింది. కింద మట్టి మొత్తం వాగులోకి పోతున్న చప్పుడు చాలాసేపు వినిపించింది. తాడు చివర బరువు మాత్రం ఉంది. అటూ ఇటూ ఊగుతోంది.

"ఉన్నావా?"

అంచు వైపు మెడ చాచింది.

"ఒవీదియో! ఉన్నావా?"

"వెదురు వేరు ఒకటి చేతికి దొరికింది. పట్టుకున్నా" అన్నాడు. అతను ఏడుస్తున్నాడు. "నువ్వు వదిలెయ్యి తల్లీ. నిన్ను కూడా లాగేస్తా నేను."

"నోటికొచ్చినట్టు వాగకు. నా చేతిలో కొస ఉండగా ముడి ఊడినది ఒక్కటైనా చూశావా?"

పైకి అంత గట్టిగా అన్నదే గాని, చెట్టు వేళ్ళు మట్టిలోంచి అంగుళం అంగుళంగా పైకి లేస్తుండటం ఆమె కళ్ళముందే జరుగుతోంది. కళ్ళు మూసుకుంది. మూసుకుంటే ఇంకా భయం. తెరిచింది. దేవుడికి దణ్ణం పెట్టుకోబోతే ఒక్క ప్రార్థనా పూర్తిగా గుర్తురాలేదు.

గుర్రం గిట్టల చప్పుడు ముందు వినబడింది. తర్వాత కత్తితో పొదలు నరుకుతున్న చప్పుడు, బెనిల్దా గొంతు.

"దోన్యా రుబియేలా! కదలకండి! ఉన్నచోటే ఉండండి!"

బెనిల్దా బల్ల మీది బొగ్గు రాత చూసి, పాలడబ్బాలు కింద పారేసి, పక్క తోటలో ఉండే మరిది అర్సేసియోని వెంటబెట్టుకుని వచ్చింది. అతను కొత్త తాడుని జీనుకి కట్టి, రెండో కొస తన నడుముకి కట్టుకుని, బావిలో చేదలా వేలాడుతూ కిందికి దిగాడు. అతను ఒవీదియోని ఒడిసిపట్టుకున్నాక, బెనిల్దా గుర్రం కళ్ళెం పట్టుకుని చెవిలో ఏదో చెబుతూ అడుగు అడుగుగా వెనక్కి నడిపించింది. ముందు అర్సేసియో టోపీ, తర్వాత ఎర్ర రువానా, తర్వాత ఒవీదియో మొహం అంచు మీదికి వచ్చాయి. మొహం మైనంలా ఉంది. అతన్ని గట్టి నేల మీదికి లాగాక కూడా రుబియేలా తన తాడు వదల్లేదు. బెనిల్దా వచ్చి ఆమె వేళ్ళు ఒక్కొక్కటే విప్పాల్సి వచ్చింది.

"అయిపోయిందమ్మా. అయిపోయింది. వదిలెయ్యండిక."

కాలు రెండుచోట్ల విరిగింది. ఊళ్ళో ఆసుపత్రిలో లోహపు పలక వేసి బిగించారు. పక్కటెముకలు మూడు. రుబియేలా రెండు అరచేతులకీ కట్లు. మర్నాడు సాయంత్రం మంచం పక్కన కూర్చుని, కట్లు కట్టిన చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఆమె అడక్కుండా ఉండలేకపోయింది.

"కంచె ఎందుకు దాటావు?"

"కోపమొచ్చింది. కాళ్ళు ఎటు తీసుకుపోతే అటు పోయా. తీగ చూశా. ఆ ముసలావిడ ఊరికే బెదిరించింది అనుకున్నా." దుప్పటి అంచు నలుపుతూ, "లోపల పొదల్లో నల్లటి మోరా పళ్ళు కనబడ్డాయి. నాలుగు కోసుకొస్తే నువ్వు చల్లబడతావనుకున్నా" అన్నాడు.

"పొమ్మన్నది నేను."

"ముప్ఫయ్యొక్క ఏళ్ళు త్వరగా రా, త్వరగా రా అన్నావు. ఒక్కసారి పొమ్మన్నావు. అంతేగా" అని అతను కళ్ళు మూసుకున్నాడు.

అంతే అనుకోవడానికి ఆమెకి చాలా కాలం పట్టింది. మనిసాలెస్ తిరిగొచ్చాక కెమెరాని బురదతోనే సంచిలో పెట్టి బీరువా మీదికి నెట్టింది. ఆ మూడు ఫొటోలు తీసేయలేదు, చూడనూ లేదు. వాన పడితే మిషను ఆపి వినేది. ఒవీదియో స్నానాలగదిలో కాస్త ఆలస్యం చేస్తే తలుపు కొట్టేది. అతను విసుక్కునేవాడు, తర్వాత తర్వాత విసుక్కోవడం మానేశాడు.

డిసెంబరు వచ్చేసరికి, జనవరిలో కొత్త తరగతులు మొదలవుతాయని, యూనిఫాంల ఆర్డర్లు గుట్టపడ్డాయి. ఆమె అరచేతుల్లో కొత్త చర్మం ఇంకా పలచగా ఉంది, సూది పట్టుకుంటే మండుతోంది. ఒవీదియో కాలు స్టూలు మీద పెట్టుకుని, కళ్ళజోడు పెట్టుకుని, తెల్ల చొక్కాలకి గుండీలు కుడుతున్నాడు. కుట్టినవాటిలో సగం ఆమె విప్పి మళ్ళీ కుట్టాల్సి వస్తోంది.

"ఇది కూడా వంకరేనా?" అన్నాడు.

"వంకరే" అంది ఆమె. అని, ఆ ఒక్కదాన్నీ విప్పకుండా మడిచి దొంతరలో పెట్టింది.